తడి వత్తి, దగ్గుమందు సీసా

మా మావగారి మూడెకరాల దాళ్వా, అంటే రెండో పంట, ధాన్యం ఒక ఖాళీ దగ్గుమందు సీసా మీద ఆధారపడిపోయిన వారం ఒకటుంది. ఆ సీసాలో నీళ్ళు పొయ్యాల్సిన మనిషిని నేను. ఇప్పుడింత నెమ్మదిగా రాస్తున్నాను గానీ ఆ వారం నాకు అన్నం సయించలేదు.

భీమడోలుకీ కొల్లేటికీ మధ్య ఉన్న ఊరు మాది. ఆ ఊరి హైస్కూల్లోనే నేను సైన్సు టీచర్ని. ఇంటి గుమ్మంలో నిలబడితే బడి గంట వినిపిస్తుంది, బడి గేటు దగ్గర నిలబడితే మా అత్తగారి పోపు వాసన తెలుస్తుంది. మా ఆయన గూడెం పట్నంలో ఒక రైసుమిల్లులో గుమాస్తా. పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోతారు కాబట్టి ఈ కథలో ఆయనకి పని లేదు. మా పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు, వాళ్ళకీ లేదు. ఉన్నదల్లా మా మావగారూ, అత్తగారూ, ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తీ, నా కోపమూను.

కోపం అంటే గుర్తొచ్చింది. నాకది ముక్కు మీదే ఉంటుంది. పిల్లలకి ఆ సంగతి మొదటివారంలోనే తెలిసిపోతుంది. మా మావగారికి పెళ్ళిచూపుల్లోనే తెలిసిందట. "పిల్ల మంచిదేగానీ కొంచెం ఉరుములున్నాయి" అని అత్తగారితో అన్నారట. అలాంటి నేను ఎనిమిదో తరగతికి వాతావరణం పాఠం చెప్పవలసి వచ్చింది. పుస్తకంలో బొమ్మలు చూపించి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. పిల్లలచేత రోజూ వాతావరణం కొలిపిస్తానన్నాను.

మావగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "దేన్ని కొలుస్తావమ్మా?" అన్నారు.

"గాలినండి. గాలి ఎటు వీస్తోంది, ఎంత వేడిగా ఉంది, అందులో తేమ ఎంతుంది, ఇవన్నీనండి."

"కొల్లేటి పక్కన కూచుని గాలిలో తేమ ఎంతుందని అడగడం, చేపల చెరువులో దిగి తడిగా ఉందా అని అడిగినట్టుంది" అని లేచి తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మండినా పైకి అనలేదు, ఆయనంటే నాకు గౌరవం ఉంది మరి.

ఒక టమాటా పెట్టె తెచ్చి, చెక్కల మధ్య గాలి ఆడేలా సందులు ఉంచి, తెల్ల రంగు వేయించి, బడి ఆవరణలో ఉత్తరం వైపు నీడలో కర్రల మీద నిలబెట్టాం. థర్మామీటరుకి ఎండ తగిలితే అది ఎండ వేడి చెబుతుంది గానీ గాలి వేడి చెప్పదు, అందుకని ఈ పెట్టె. ఊళ్ళో అందరూ దాన్ని పావురాల గూడు అన్నారు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడైతే, "ఏవండీ టీచర్ గారూ, పావురాలు ఎప్పుడొస్తాయండి?" అని నెల్లాళ్ళపాటు ఎంతో మర్యాదగా అడిగింది.

థర్మామీటర్ల కోసం ఏలూరు వెళ్ళాను. కొట్టు ఆయన ఒకటి చూపిస్తే, నేను ఆరు తీయించి బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టి పావుగంట చూశాను. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద, ఆరింటిలో నాలుగు తలో మాటా చెప్పాయి. ఒక్క మాట మీద ఉన్న రెండింటినీ తీసుకున్నాను. "చీరలకి కూడా ఇంతసేపు చూడరండి" అన్నాడాయన. చీరకి ఇంకా ఎక్కువసేపు చూస్తానని చెప్పలేదు.

ఆ రెండింటిలో ఒకదాన్ని మామూలుగా వేలాడదీశాం. రెండోదాని గుండుకి నూలు వత్తి చుట్టి, వత్తి కొసని నీళ్ళున్న దగ్గుమందు సీసాలో వదిలాం. వత్తి మా అత్తగారి చేతిది. దేవుడికి చేసిన వత్తుల్లోంచే ఒకటి లావుగా పేని ఇచ్చి, "దీనికి నూనె వద్దా?" అని అడిగారు. వద్దండి, నీళ్ళే అన్నాను. నీళ్ళతో వెలిగే దీపం ఏమిటో చూద్దామని ఆవిడ కూడా ఒకరోజు బడికి వచ్చి చూసి వెళ్ళారు.

పాఠం ఏమిటంటే, నీరు ఆవిరవుతూ తన చుట్టూ ఉన్న వేడిని కాస్త పట్టుకుపోతుంది. ఎండాకాలం కుండలో నీళ్ళు చల్లబడేది అందుకే, చెమట పట్టిన వీపుకి గాలి తగిలితే హాయిగా ఉండేదీ అందుకే. గాలి పొడిగా ఉంటే వత్తిలో తడి గబగబా ఆవిరై, తడి థర్మామీటరు బాగా కిందికి దిగుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే వత్తి ఆరదు, తడి థర్మామీటరు పెద్దగా దిగదు. అంటే రెండింటికీ తేడా ఎంత తక్కువైతే గాలిలో తేమ అంత ఎక్కువ. తేడా సున్నా అయితే, నూటికి నూరు. ఆ లెక్కలన్నీ ఒక పట్టికలో ఉంటాయి. పట్టికని అట్టకి అంటించి పెట్టె తలుపుకి తగిలించాం.

రోజూ బడి మొదలవగానే అంకెలు చూసి, రిజిస్టర్లో రాసి, గేటు పక్కన నల్లబోర్డు మీద ఎక్కించే పనీ, సాయంత్రం వచ్చి సీసాలో నీళ్ళు పోసే పనీ ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకర్తికి ఇచ్చాను. గుండ్రటి దస్తూరీ. నోట్లో నాలుక లేదు. అలాంటి పిల్లయితే నా మాట జవదాటదని ఎంచుకున్నాను, నిజం చెప్పాలి కదా.

బోర్డు మీద వేడి, తేమ, గాలి దిక్కు అని మూడు వరసలుండేవి. అక్కడితో ఆగితే బావుండేది. రెండు వారాలయ్యాక నాకు ఆశ పుట్టింది. కింద నాలుగో వరస చేర్చాను. "వాన సూచన". తేమ తొంభై దాటితే వాన పడొచ్చు అని రాయమన్నాను. ఏ పుస్తకంలోనూ అలా లేదు. గేటు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఆగి చదువుతున్నారని తెలిసి, వాళ్ళకి ఇంకాస్త పనికొచ్చే మాట చెబుదామనిపించింది. గొప్పకి పోవడం అంటే అదే.

సీసా మెడ కోసి చేసిన వానకొలత ఒకటి కూడా ఉండేది. మార్చినెలలో ఒకరోజు అందులో నీళ్ళున్నాయి. ఏలూరులో చుక్క లేదు, గూడెంలో చుక్క లేదు, మా బడి ఆవరణలో మాత్రం ముప్ఫై మిల్లీమీటర్లు. పిల్ల సున్నా రాసింది. నేను చూసి కేకలేశాను. "నీ కళ్ళ ముందు నీళ్ళుంటే సున్నా ఎలా రాస్తావు? పరికరం ఏం చెబితే అది రాయాలి. పరికరం ముందు మన అనుమానాలు పనికిరావు" అన్నాను. పిల్ల కిక్కురుమనకుండా చెరిపి ముప్ఫై రాసింది. మధ్యాహ్నానికి తేలింది, వంటావిడ గిన్నె కడిగిన నీళ్ళు అందులో ఒంపిందని. "మొక్కకి కుండీ కట్టారేమో అనుకున్నానండి" అంది. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వేసి ఊరుకున్నాను గానీ, పిల్లకి చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని తోచలేదు.

ఏప్రిల్ వచ్చింది. ఒంటిపూట బడులు. మా వైపు ఏప్రిల్ అంటే రోడ్లన్నీ బంగారు రంగుకి తిరుగుతాయి. కోత మిషను చేలో దిగి ఒక్కపూటలో గింజలు రాల్చి ఇచ్చేస్తుంది, కానీ ఆ గింజ పచ్చిగా ఉంటుంది. తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అందుకని రోడ్డు మార్జిన్లో టార్పాలిన్ బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. మా మావగారు తువ్వాలు తలకి చుట్టి, ధాన్యంలో కాళ్ళు ఈడుస్తూ చాళ్ళు తీస్తారు. మధ్యమధ్య గింజ తీసి పంటికింద వేస్తారు. కటుక్కుమంటే ఆరినట్టు. కేంద్రంలో తేమ మిషను ఎంత చూపిస్తుందో ఆయన పన్ను ముందే చెప్పేస్తుంది, ఒక అంకె అటూ ఇటూగా. ధాన్యంలో తేమని కొలవడం ఆయనకి సబబే, గాలిలో తేమని కొలవడం మాత్రం నా పిచ్చి. గింజలోంచి పోయిన తేమ గాలిలోకి కాక ఎక్కడికి పోతుందండీ అని అడిగితే, "ఎక్కడికి పోతే మనకెందుకు, పోతే చాలు" అనేవారు.

నేను చెప్పే ఆ వారంలో, ఆదివారానికి ఆయన ధాన్యం రోడ్డెక్కి రెండో రోజు. ఇంకొక్క ఎండ తగిలితే ఎత్తేసి పంపించవచ్చు. ఆ ధాన్యమే ఆయనకి ఏడాది రాబడి. వాన పడి తడిస్తే మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. అందుకని ఏప్రిల్లో ఆయన తల ఎప్పుడూ పైకే ఉంటుంది.

శనివారం బడి నుంచి వస్తూ పిల్లతో, "ఆదివారం సీసాలో నీళ్ళు నేను పోస్తాలే, మా ఇల్లు పక్కనే కదా" అన్నాను. ఆదివారం ఏలూరు వెళ్ళాను. జాకెట్లు కుట్టించుకునే పని. టైలరు రెండింటికి రమ్మని నాలుగింటికి ఇచ్చాడు. ఆ కోపంలో సీసా సంగతి శుభ్రంగా మర్చిపోయాను.

సోమవారం స్టాఫ్ రూములో పరీక్ష పేపర్ల గొడవలో ఉండి నేను బోర్డు చూడలేదు. మధ్యాహ్నం బడి వదిలాక ఇంటికి వస్తున్నాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. రోడ్డు పొడుగునా అందరి ధాన్యమూ పరిచి ఉంది. ఒక్క మా ధాన్యం మాత్రం కుప్పగా పోసి, బరకం కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంది. పక్క బరకం ఆయన నన్ను చూసి, "ఏవండీ టీచర్ గారూ, మీ మావగారు ధాన్యానికి దుప్పటి కప్పారేంటండి, చలేస్తోందా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఇంటికొచ్చి అడిగితే, మావగారు మడత మంచం మీద పడుకుని కళ్ళు తెరవకుండానే, "నడుం పట్టేసిందమ్మా. తిరగేసే ఓపిక లేక ఎత్తేసేను" అన్నారు.

నడుం పట్టేసినవాడు అంత ధాన్యం ఒంటరిగా కుప్ప పొయ్యలేడని నాకు తెలీదా? వంటింట్లోకి వెళ్తే అత్తగారు గొంతు తగ్గించి చెప్పారు. "నడుమూ లేదు, గిడుమూ లేదు. పొద్దున్నే మీ బడి బోర్డు చూసొచ్చేరు. వచ్చీ రావడంతోటే నూటికి నూరని రాసుందే, వానొస్తుందని రాసుందే అని పరుగెత్తేరు. నీతో చెప్పొద్దన్నారు."

"ఆయన బోర్డు చూస్తారా అండి?"

"రోజూ చూస్తారు. పేపరు కోసం వెళ్తున్నానని వెళ్ళేది అందుకే. మనకి పేపరు ఇంటికే వస్తుంది కదమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బడికి వెళ్ళాను. బోర్డు మీద గుండ్రటి దస్తూరీలో, వేడి ఇరవై తొమ్మిది, తేమ నూటికి నూరు, వాన సూచన: పడవచ్చు. పెట్టె తలుపు తీశాను. సీసా ఎండిపోయి అడుగున చీమ ఒకటి తిరుగుతోంది. వత్తి కర్రలా బిగుసుకుపోయింది. తడి లేని తడి థర్మామీటరు మామూలు థర్మామీటరే కదా, రెండూ ఒకే అంకె చూపించాయి. తేడా సున్నా. పట్టికలో సున్నాకి ఎదురుగా నూరు. అంత పొడి వత్తి, గాలి నిండా తేమే అని చెప్పింది. కొల్లేటి పక్క ఊరు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

సీసాలో నీళ్ళు పోసి, వత్తి తడిపి, అక్కడే కాసేపు కూలబడ్డాను. సిగ్గేసింది, చచ్చేంత సిగ్గు. ఆయన నన్ను వెక్కిరిస్తున్నారని ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకున్నాను. ఊళ్ళో నా బోర్డుని నమ్మి ధాన్యం ఎత్తింది ఆయన ఒక్కరే.

సాయంత్రం కుప్ప మీద బరకం తీస్తుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. చెయ్యి పెడితే లోపల వేడిగా, చెమ్మగా ఉంది. కప్పెట్టిన ధాన్యం ఉడికి, ఆరిన గింజ కూడా మళ్ళీ మెత్తబడింది. అందరి ధాన్యమూ ఆ సాయంత్రమే ట్రాక్టర్లెక్కింది. మాది ఇంకో ఎండ అడుగుతోంది.

"మావయ్యగారూ, వత్తి ఎండిపోయిందండి. నిన్న నీళ్ళు పొయ్యడం నేను మర్చిపోయానండి. ఆ నూరు తప్పండి" అన్నాను.

ఆయన గింజ ఒకటి నోట్లో వేసుకున్నారు. కటుక్కుమనలేదు. "నాకు నడుం పట్టేసిందని చెప్పేను కదమ్మా" అన్నారు. అంతే. ఇంకో మాట అంటే తేలిగ్గా ఉండేది నాకు.

మంగళవారం పొద్దున్న పిల్లని పెట్టె దగ్గరికి పిలిచి, నిన్న సీసా చూశావా అని అడిగాను. తల ఊపింది. "ఎండిపోయి ఉందండి. మా అమ్మ ఆరేసిన బట్టలు గంటలో ఫెళఫెళలాడిపోయినయ్యండి. తేమ నూరంటే ఎలా ఆరతాయా అని అనుమానం వచ్చిందండి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నేల చూస్తూ, "పరికరం ముందు మన అనుమానాలు పనికిరావన్నారు కదండీ" అంది.

ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మాట తప్పు అని చెప్పాను. అనుమానం వస్తే ముందు పరికరాన్ని చూడాలి, తర్వాత టీచర్ని అడగాలి, టీచరు కేకలేస్తే మళ్ళీ అడగాలి అన్నాను. పిల్ల తలెత్తి, "రాసుకోమంటారాండి?" అంది. రాసుకోమన్నాను.

బోర్డు మీద నా చేత్తో నేనే రాశాను. "నిన్నటి తేమ తప్పు. వత్తి ఎండిపోయింది. తప్పు టీచరుది." వాన సూచన వరస తుడిచేశాను. ఇవాళ్టి అంకెలు మాత్రం పిల్ల రాసింది. పొడిది ఇరవై తొమ్మిది, నీళ్ళు పోసిన వత్తితో తడిది ఇరవై ఏడు, తేమ ఎనభై అయిదు పైమాట. గాలి దక్షిణం నుంచి, కొల్లేటి మీంచి. రాసి వెనక్కి తిరిగితే గేటు దగ్గర మావగారు నిలబడి ఉన్నారు. దాక్కోలేదు ఈసారి.

"ఏమ్మా, పరవమంటావా, కప్పమంటావా?" అన్నారు.

ఆయన నన్ను ఎప్పుడూ ఏ సంగతీ అడగలేదు. ఏం చెప్పను? పరవమని, వాన పడితే? కప్పమని, ఎండ కాస్తే?

"ఈ అంకె వాన చెప్పదండి మావయ్యగారూ. గాలిలో నీరు ఎంతుందో చెబుతుందంతేనండి. వాన పడాలంటే ఆ గాలి వేడెక్కి పైకి లేవాలండి. పైన చల్లబడి మబ్బు కట్టాలండి. అది లేస్తుందో లేదో నాకు తెలీదండి" అన్నాను.

ఆయన వాయవ్యం వైపు చూశారు. "ఎండ ఎక్కితే ఎత్తున ఉన్న మెట్ట మీదే ముందు లేస్తుంది. కామవరపుకోట వైపు మబ్బు తల ఎత్తిందంటే మనకి నాలుగింటికి గాలీ వానా. అక్కడ లేకపోతే ఏమీ లేదు" అన్నారు. నా పాఠంలో సగం ఆయన నలభై ఏళ్ళుగా చూస్తున్నదే. గాలిలో నీరుందని నా సీసా చెప్పింది, ఆ గాలి ఎక్కడ లేస్తుందో ఆయన చెప్పారు.

"అయితే పరుద్దాం. నువ్వు పన్నెండింటికల్లా రా" అన్నారు.

పన్నెండింటికి రోడ్డు మీదికి వెళ్ళాను. కొంగు నడుముకి దోపి ఆయన వెనకాలే కాళ్ళతో చాళ్ళు తీశాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. పక్క బరకం ఆయన ఖాళీ బరకాలు మడుచుకుంటూ, "టీచర్ గారి పరికరం ఇదేనా అండి?" అని నా కాళ్ళు చూపించారు. ఒంటిగంట దాటాక మెట్ట వైపు తెల్లటి మబ్బు పిడికిలంత లేచింది. రెండింటికి అది తాటిచెట్లని మించింది. మావగారు గింజ నోట్లో వేశారు. కటుక్కుమంది. "ఎత్తెయ్" అన్నారు. అత్తగారూ వచ్చారు, పిల్లా వాళ్ళమ్మా వచ్చారు, పావురాల గూడు వంటావిడ కూడా చీపురుతో వచ్చింది. మూడున్నరకి చివరి బస్తా కుట్టి బరకం కప్పేసరికి కొల్లేటి గాలి ఆగిపోయి, ఎదురు వైపు నుంచి చల్లటి గాలి కొట్టింది. నాలుగు కాకుండానే వాన. బరకం చాలక రెండు బస్తాలు తడిశాయి. అవి ఇంట్లో తిండికి ఉంచుకున్నాం. మిగతాది మర్నాడు కేంద్రానికి వెళ్ళింది.

ఆ రెండు బస్తాల అన్నం తిన్నన్నాళ్ళూ, ముద్ద ముద్దకీ "ఇది దగ్గుమందు అన్నం" అనేవారు మావగారు. నేను ఇంకో ముద్ద కలుపుకునేదాన్ని.

వేసవి సెలవులిచ్చిన రోజున రిజిస్టర్ని పెట్టెలోనే మేకుకి తగిలించాను. రాసేవాళ్ళుండరు, ఆగిపోతే ఆగిపోయింది అనుకున్నాను. మా పిల్లలిద్దర్నీ తీసుకుని పుట్టింటికి వెళ్ళాను. జూన్లో బడి తెరిచాక, ఎండిన వత్తీ దుమ్మూ ఉంటాయనుకుంటూ పెట్టె తలుపు తీశాను. సీసా నిండా నీళ్ళున్నాయి. వత్తి కొత్తది, మా అత్తగారి చేతిది. రిజిస్టర్లో ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. పెన్సిలుతో వంకర అక్షరాలు, మా మావగారివి. పొడి, తడి, గాలి. ప్రతి ఆదివారం ఎదురుగా "నీళ్ళు పోసేను" అని రాసి, కింద గీత కూడా గీశారు. అది నాకోసమే.

ఒకప్పుడు వాన సూచనకని గీసిన చివరి గడిలో ఎక్కడా ఏమీ రాయలేదు. మే నెలలో ఒకచోట మాత్రం ఉంది. "కామవరపుకోట మీద మబ్బు. అమ్మాయిని అడగాలి."

ఆ తేదీ చూస్తే గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన మా పుట్టింటికి ఫోన్ చేశారు. ఎప్పుడూ చెయ్యని మనిషి. పిల్లల సంగతి అడిగారు, మామిడిపళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు, అక్కడ గాలి ఆడుతోందా అని అడిగారు. ఆడుతోందండి అన్నాను. మబ్బు సంగతి ఎత్తకుండానే, "సరేనమ్మా, ఉంటాను" అని పెట్టేశారు.